దీపం పెట్టినాక నీళ్లు

నా నోరు మంచిది కాదని మదరాసు చూలైలో సగం మందికి తెలుసు. మిగిలిన సగం మందికి ఎప్పుడూ ఒంట్లో బాగలేకుండా పోలేదు, అంతే తేడా. ఇరవై ఎనిమిదేండ్లు ఆ పేటలో ఒక చిన్న ల్యాబులో పనిచేసినాను. రక్తం తీసేదానికి వేరే అమ్మాయి ఉండేది. నాది మూత్రం సెక్షను. కిటికీ పక్కన ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు, క్రిములను పెంచి చూసే ఒక చిన్న పెట్టె, పొద్దున ఏడింటికే వరసగా వచ్చి కూర్చునే మూతల డబ్బాలు. ఎవరైనా డబ్బా నిండా పట్టుకొచ్చినా, అడుగున రెండు చుక్కలు తెచ్చినా, నిన్నటిది ఈ పొద్దుటిదని అబద్ధం చెప్పినా నా చేత తిట్లు తినకుండా ఆ వాకిలి దాటలేదు.

పెండ్లిచూపుల్లో నా ఉద్యోగం ఏమని అడిగితే మా నాయన "ల్యాబు టెక్నీషియను" అని గొప్పగా చెప్పినాడు. దేన్ని పరీక్ష చేస్తానో చెప్పలేదు. అది మా అత్తకు పెండ్లయినాకే తెలిసింది. తెలిసిన దినం నుంచి మూడు దినాలు నా చేతి వంట ముట్టలేదు. నాలుగో దినం నేను వంకాయ పులుసు పెట్టినాను. ఆ వాసనకు తట్టుకోలేక పీట వాల్చుకొని కూర్చునింది. కూర్చునే ముందు ఒక షరతు పెట్టింది. ల్యాబు నుంచి ఇంటికొస్తే నేరుగా పంపు కాడికి పోయి తలకు పోసుకొని, చీర మార్చుకొని, ఆ తరవాతే వంటింట్లో అడుగు పెట్టాల. వాకిట్లో నా చెప్పుల చప్పుడు వినగానే లోపలి నుంచి అడిగేది, "నీళ్లు పోసుకున్నావా?" అని. వానాకాలమైనా అడిగేది. నాకు జరమొచ్చిన దినం కూడా అడిగింది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

అప్పుడు మేముండేది చూలైలోనే ఒక స్టోర్లో. ఇప్పటి పిల్లలకు స్టోరంటే అంగడి అనుకుంటారు. పాత మదరాసులో స్టోరంటే ఒకే వాకిలి, లోపల పొడుగాటి నడవ, ఆ నడవకు రెండు దిక్కులా ఎనిమిది పోర్షన్లు. పోర్షనుకు ఒక గది, ఒక వంటిల్లు. నడిమిట్లో అందరికీ కలిపి ఒక చేతిపంపు. నడవ చివర, వెనకాల, అందరికీ కలిపి ఒకే ఒక కక్కూసు. మాది ఎనిమిదో పోర్షను. మూడిండ్లలో తెలుగోళ్లు, నాలుగిండ్లలో అరవోళ్లు, ఒక ఇంట్లో భార్యది తెలుగు, భర్తది అరవం. పిల్లలు ఏ భాషలో ఏడ్చినా అందరికీ అర్థమయ్యేది.

నేను కాపురానికొచ్చిన మొదటి సాయంకాలం దీపం పెట్టినాను. దాహమేసి చెంబు ఎత్తుకుంటే మా అత్త చెయ్యి పట్టుకునింది. "దీపం పెట్టినాక ఆడోళ్లు నీళ్లు తాగరు ఈడ" అనింది. ఏదో నోము, ఇంటి ఆచారం అనుకొని చెంబు దించేసినాను. వారం తిరిగేలోపల సంగతి తెలిసింది. ఇండ్లలో చోటు చాలక, ఎనిమిదిండ్ల మగోళ్లూ చీకటి పడితే చాపలేసుకొని నడవలోనే పడుకునేవాళ్లు. కక్కూసుకు పోవాలంటే వాళ్లందర్నీ దాటుకొని పోవాల. అట్లా దాటి పోయేదానికి ఏ ఆడదానికీ మొహం చెల్లేది కాదు. అందుకని దీపం పెట్టినాక ఎవరూ గొంతు తడుపుకునేవాళ్లు కాదు. నోరెండితే పుక్కిలించి ఉమ్మేయడమే. ఎనిమిదిండ్ల ఆడోళ్లకూ అది చట్టం. ఎవరు పెట్టినారో ఎవరికీ తెలీదు.

ఆ చట్టంలో ఒక సందు ఉండేది, అది మా అత్తే తెరిచింది. కడుపుతో ఉన్నోళ్లకూ, బాలింతలకూ నీళ్లు తాగే హక్కు ఉండేది. వాళ్లకు పోవాల్సొస్తే వచ్చి మా తలుపు తట్టేవాళ్లు. మా అత్త కొంగు బిగించి, బ్యాటరీ లైటు పట్టుకొని ముందు నడిచేది. నడవ మొదట్లో నిలబడి ఒకే ఒక మాట అనేది, "గోడ దిక్కు తిరగండి" అని. అంతే, ముసలోడి నుంచి కుర్రోడి దాకా వరసగా గోడ దిక్కు తిరిగి పడుకునేవాళ్లు. ఒక్కడన్నా ఇటు తల తిప్పితే లైటు నేరుగా వాడి మొహం మీద పడేది. నేను కడుపుతో ఉన్నప్పుడు ఆమె వెనకాల అట్లా ఎన్ని సార్లు నడిచినానో లెక్క లేదు. భుజం మీద చెయ్యేస్తే ఆ భుజం చెక్కతో చేసినట్టు గట్టిగా ఉండేది. పగలంతా నాతో తగువులాడే మనిషే ఆమె. ఆ లైటు వెలుతుర్లో మాత్రం నాకు తల్లి గుర్తుకొచ్చేది.

ల్యాబులో కూర్చునింటే ఆ చట్టం మా స్టోరుకు మాత్రమే కాదని తెలిసింది. ఊరంతా ఆడోళ్లు ఏదో ఒక దారికి భయపడి నీళ్లు మానుకున్నోళ్లే. అంబత్తూరు ఫ్యాక్టరీలకు వ్యానెక్కి పోయే అమ్మాయిలు ఆదివారం గుంపుగా వచ్చేవాళ్లు. పనిలో ఉండగా లేచి పోవాలంటే సూపర్‌వైజర్ని అడగాల, అడిగితే వాడు గడియారం చూస్తాడు. అందుకని పొద్దున ఇంట్లో ఒక గ్లాసు తాగితే మళ్లీ సాయంకాలమే. ఒక్కొక్కరి డబ్బా చూస్తే టీ డికాక్షన్ మాదిరి ఉండేది. కొత్తగా పెండ్లయిన పిల్లలు తల వంచుకొని వచ్చేవాళ్లు, మొగుడు బయట సెల్‌ఫోన్ చూసుకుంటా నిలబడేవాడు. మైలాపూరు నుంచి ఒక అవ్వ మనవరాలిని రైల్లో పిలుచుకొచ్చింది. బళ్లో కక్కూసు తలుపుకు గడియ లేదని ఆ బిడ్డ పొద్దున్నుంచి సాయంకాలం దాకా బిగబట్టుకుంటుందంట. చంటిబిడ్డలైతే జరం తప్ప ఇంకేమీ చూపించరు. చెవి చూస్తారు, గొంతు చూస్తారు, ఆఖర్న ఎవరికో తోచి నా బల్ల కాడికి పంపిస్తారు. కడుపుతో ఉన్నోళ్లు కొందరికి మంటా ఉండదు, నొప్పీ ఉండదు. "నేను బాగనే ఉండా, ఎందుకీ పరీక్ష" అని నాతో వాదం పెట్టుకునేవాళ్లు. వాళ్ల డబ్బాలోనే క్రిములు బుగబుగమంటా ఉండేవి.

మగోళ్లు రారనుకోవద్దు. అరవై దాటినోళ్లు, ఒంటికి పోవాలంటే గోడ పట్టుకొని పావుగంట నిలబడేవాళ్లు వచ్చేవాళ్లు. షుగర్ టెస్టుకొచ్చినామని చెప్పి, నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు అసలు సంగతి గొణిగేవాళ్లు. ఆస్పత్రిలో గొట్టం పెట్టించుకొని ఇంటికొచ్చినోళ్ల డబ్బాలు వాళ్ల కొడుకులు తెచ్చేవాళ్లు. ఇంతమందిలో ఎవర్ని అడిగినా ఒకటే మాట, "వేడి చేసింది." అరవోళ్లు సూడు అంటారు, మనం వేడి అంటాము. సబ్జా గింజలు తాగినా, ముంజలు తిన్నా, బొడ్డులో ఆముదం పెట్టినా, అయినా తగ్గలేదమ్మా అంటారు. "వేడి కాదు, పురుగు. మందు మింగు, నీళ్లు తాగు, బిగబట్టుకోవద్దు" అని ఇరవై ఎనిమిదేండ్లు అరిచినాను.

అందరికంటే మోసం చేసేది మాత్రం ముసలోళ్ల ఒళ్లు. వాళ్లకు మంట ఉండదు, జరం ఉండదు, నేరుగా తలకెక్కుతుంది. ఒక పెద్దాయన ఇంట్లోవాళ్లను దొంగలని అరుస్తా ఉంటే కొడుకు మతి పోయిందని ఏడుస్తా వచ్చినాడు. ఎందుకైనా మంచిదని నేనే డబ్బా ఇచ్చి పంపించినాను. ఆ మూత్రం చూస్తే పాలు విరిగినట్టుంది. వారం తరవాత ఆ పెద్దాయనే ఇస్త్రీ చొక్కా వేసుకొని మైసూరుపాకు పొట్లంతో వచ్చినాడు. ఆ కథ వచ్చినోళ్లందరికీ చెప్పేదాన్ని. అంటే, ఈ సంగతి నాకు తెలీదని చెప్పుకునే దారి నాకు లేదు. అందుకే ఇది రాస్తా ఉండాను.

తరవాత స్టోరు పడగొట్టేసినారు. మేము అంబత్తూరు పక్క ఒక ఫ్లాటుకు మారినాము. మా మామ అప్పటికే లేడు, మా పాప చదువుకు హాస్టల్లో ఉండాది. ఇంట్లో ముగ్గురమే మిగిలినాము. పాత్రలు తోమేదానికి ఒకామె తెల్లారుజామునే వచ్చి, పగలు మా అత్తకు తోడుండేది. మా అత్త గదికి తలుపు తీస్తే బాత్‌రూము, తెల్లటి టైల్సు, గోడకు పట్టుకునేదానికి కమ్మీ, స్విచ్చి నొక్కితే వెలుతురు. చేరిన దినం సాయంకాలం నేను దీపం పెట్టి, ఒక గ్లాసు నీళ్లు ఆమె ముందర పెట్టినాను. "ఇప్పుడొద్దు లే" అనింది. "ఈడ ఎవరున్నారత్తా నడవలో, ఎవర్ని దాటాల మీరు" అన్నాను. "అలవాటు పోయింది" అనింది. చక్కెర జబ్బు ఉన్న మనిషి, డెబ్బై ఆరేండ్లు, చిత్తిరై నెల మండే ఎండలు. నేను తిట్టినాను, బతిమాలినాను, డాక్టరు చేత చెప్పించినాను. దీపం పెట్టినాక ఒక్క గుక్క మింగలేదు.

ఆ ఎండల్లోనే మొదలైంది. ముందు అన్నం తగ్గించింది. ఆ తరవాత సాయంకాలమైతే మాటలు తడబడడం. పొద్దున బాగనే ఉండేది. ఒక సాయంకాలం స్టవ్వు వెలిగించి గిన్నె పెట్టకుండా వచ్చేసింది. ఇంకో సాయంకాలం మా ఇంటాయన్ని వాళ్ల తమ్ముడి పేరు పెట్టి పిలిచింది. నాకు వెంటనే మైసూరుపాకు పెద్దాయన గుర్తుకొచ్చినాడు. ల్యాబు నుంచి డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టినాను. "రేపు పొద్దున లేవగానే, మొదట కొంచెం వదిలేసి, మధ్యలోది పట్టి పెట్టండి" అన్నాను. ఆమె డబ్బా దిక్కు చూసింది, నా చేతి దిక్కు చూసింది.

"నువ్వే చూస్తావా?" అనింది.

"ఇంకెవరు చూస్తారు. నేనే."

మర్నాడు పొద్దున డబ్బా బాత్‌రూము గూట్లో ఉండాది. పైన పేపరు చుట్టి, ఆ పేపరుకు పూలు కట్టే దారంతో ముడేసి ఉండాది. నవ్వొచ్చింది నాకు. సంచిలో పెట్టుకొని పోయి, అన్నిటికంటే ముందు దాన్నే చూసినాను. చీము కణాల్లేవు, క్రిముల్లేవు, తేటగా ఉండాది. రెండు దినాలు పెంచి చూసినా ఏమీ మొలవలేదు. రిజిస్టర్లో నా చేత్తోనే వరసగా నిల్, నిల్, నిల్ అని రాసినాను. మా అత్త ఒళ్లు ఎంత శుభ్రమో చూడు అని అక్కడున్నోళ్లతో అన్నాను కూడా.

ఆ రిపోర్టు పట్టుకొని డాక్టరు కాడికి పోయినాము. రక్తంలో కొంచెం తేడా ఉందన్నాడు గాని, మూత్రం శుభ్రంగా ఉండేసరికి అన్నీ వయసు ఖాతాలోకే పోయినాయి. మతిమరుపు జబ్బేమో, మెదడు డాక్టరుకు చూపించండి అన్నాడు. చూపించేలోపలే మా అత్త ఇంకా దిగజారిపోయింది. రెండో వారానికి పగలు కూడా తేటగా లేదు. మంచం మీద లేచి కూర్చొని, ఖాళీ గోడను చూస్తా, "గోడ దిక్కు తిరగండి" అనేది. ఒక దినం నేను అన్నం కలిపి నోటి కాడ పెడితే నా మొహం పరీక్షగా చూసి, "నువ్వు ఏ పోర్షను కోడలివమ్మా?" అని అడిగింది. ఎంత మర్యాదగా అడిగిందో. ఇన్నేండ్లలో నన్ను ఒక్క సారి కూడా అంత మర్యాదగా పలకరించలేదు. నేను బాత్‌రూములోకి పోయి కొళాయి తిప్పి ఏడ్చినాను.

మా ఆడబిడ్డ వచ్చి చూసి, ఒక సాయంకాలమంతా కూర్చొని మాట్లాడింది. "వదినా, నువ్వు పొద్దున పోతే దీపాలేళకు వస్తావు. పనామె అంతకు ముందే వెళ్లిపోతుంది. అన్న సంగతి తెలిసిందే, ఇంటి పట్టున ఉండడు. రేపు స్టవ్వు తిప్పేసి పెడితే ఏం గతి? ముసలోళ్లను చూసుకునే హోం ఒకటి ఉండాది, మంచోళ్లు, శుక్రవారం చేర్చుకుంటామన్నారు" అనింది. మా ఇంటాయన నా మొహం చూసినాడు. నేను సరే అన్నాను. ఈ మాట దాచిపెట్టి మిగిలింది చెప్పడం నా వల్ల కాదు. సరే అన్నది నేనే. ఆమె చీరలు నాలుగు మడిచి సంచిలో పెట్టింది నేనే. ఆమె ట్రంకు పెట్టెలో అడుగున ఆ పాత బ్యాటరీ లైటు కనిపిస్తే, దానికి కొత్త బ్యాటరీలేసి అదీ సంచిలో పెట్టినాను.

బుధవారం ల్యాబులో ఉన్నాను. ఒక అంగడాయన డబ్బా వచ్చింది, చక్కెర జబ్బు మనిషి. పరీక్ష పట్టీ ముంచి పైకి తీసినాను. ఆ పట్టీ మీద చిన్న చిన్న రంగు గళ్లుంటాయి, ఒక్కో గడి ఒక్కో సంగతి చెప్తుంది. చక్కెర గడి చూస్తా ఉండగానే ముదురు రంగుకు తిరిగింది. "ఈయన కొత్త మాత్రల మీద ఉన్నాడు, మూత్రంలో చక్కెర పోయేట్టు చేసే మాత్ర, అందుకే అంత రంగు" అని పక్కనున్న అమ్మాయికి చెప్తా ఉన్నాను. చెప్తా చెప్తా నా నోరు ఆగిపోయింది. ఆ మాత్రే మా అత్త కూడా వేసుకుంటుంది. ఏడాది నుంచి పొద్దున పొద్దున నేనే ఆమె చేతిలో పెడతా ఉండాను. ఆ మాత్ర వేసుకునే మనిషి మూత్రంలో చక్కెర లేకుండా ఎట్లా ఉంటుంది?

రిజిస్టరు తిరగేసినాను. మా అత్త వరస, నా చేతి రాత. చక్కెర దగ్గర నిల్ అని ఉండాది. అది మా అత్తది కాదు.

కొత్త డబ్బాలు రెండు, పట్టీల సీసా సంచిలో వేసుకొని సెంట్రల్లో లోకల్ రైలెక్కినాను. ఇంట్లో పగలంతా మా అత్తను చూసుకునేది ఆ పాత్రలు తోమే ఆమే. మా వీధి చివర చర్చి పక్కన ఉంటుంది, నాకంటే నాలుగేండ్లు చిన్నది. నేను తలుపు తీసిన తీరు చూసే ఆమెకు అర్థమైపోయింది.

"తిట్టొద్దక్కా" అనింది. "పెద్దమ్మ నా చేతులు పట్టుకునింది. అన్నం పెట్టే బిడ్డ చేతికి నాది ఇయ్యలేను, నువ్వియ్యి అనింది. వయసులో పెద్దది, కాదనలేకపోయినా. ఇంత పెద్ద యవ్వారమని నాకేం తెలుసు. సరేలే, నాకేమన్నా జబ్బుంటే అదీ బయట పడుతుంది అనుకున్నా." కొంగు నలుపుకుంటా అడిగింది, "నాకు బాగుండాదా అక్కా?"

"నీకు అన్నీ నిల్" అన్నాను. తిట్టేదానికి నోరు రాలేదు. అంతమందిని తిట్టినాను గాని ఆ దినం తిట్టాల్సింది నన్నే.

మా అత్త మంచం మీద కూర్చొని ఉండాది. పెదాలెండి తొక్క లేచిపోయి ఉండాయి. రండత్తా, బాత్‌రూముకు పోదాం అంటే కదల్లేదు. "దారిలో మగోళ్లు పడుకొని ఉండారు" అనింది. మధ్యాన్నం మూడు గంటలు, కిటికీలో ఎండ. ఎవరూ లేరత్తా అన్నాను, కండ్లు పెద్దవి చేసి నా వెనకాల ఎవర్నో చూస్తా ఉండాది. రెండు సార్లు చెయ్యి పట్టి లేపబోతే విదిలించేసింది. అప్పుడు నాకు శుక్రవారం కోసం సర్ది పెట్టిన సంచి కనిపించింది. అందులో నుంచి బ్యాటరీ లైటు తీసి, అంత ఎండలో వెలిగించి పట్టుకొని, గదిలో నిలబడి గట్టిగా అన్నాను, "గోడ దిక్కు తిరగండి" అని.

గదిలో ఉన్నది పాత్రలు తోమే ఆమె ఒక్కతే. ఆమె చీపురు చేత్తో పట్టుకొని గోడ దిక్కు తిరిగింది.

మా అత్త లేచి నిలబడింది. నా భుజం మీద చెయ్యేసింది. నేను లైటు పట్టుకొని ముందు నడిచినాను, ఆమె వెనకాల వచ్చింది. ఆ డబ్బా నేనే పట్టినాను, నా చేత్తోనే. ముతక వాసన, కలక. పట్టీ ముంచితే రెండు నిమిషాల్లో చీము చూపించే గడి ఊదా, క్రిములు చూపించే గడి గులాబీ. చక్కెర గడి ముదురు గోధుమ రంగు. అది మా అత్తదే.

ఆ సాయంకాలమే ఆస్పత్రిలో చేర్చి సూది మందులు మొదలుపెట్టించినాము. రెండో నాటికి ల్యాబులో నా పెట్టెలో క్రిములు మొలిచినాయి, ఏ మందుకు చస్తాయో కూడా తెలిసింది. డాక్టరు వాడుతున్న మందు సరైందే. శుక్రవారం వచ్చింది, పోయింది. హోం వాళ్లకు ఫోను చేసి రామని చెప్పమని మా ఇంటాయనకు చెప్పినాను. మా ఆడబిడ్డ మాత్రం, "నయమైతే మంచిదే వదినా, కాకపోతే?" అనింది. ఆ మాట తప్పు కాదు. మూత్రంలో కలక తగ్గింది గాని మతి ఇంకా తిరిగి రాలేదు. నాకేసి చూసేది, చూపు నన్ను దాటి పోయేది.

ఐదో నాటి సాయంకాలం ల్యాబు నుంచి నేరుగా ఆస్పత్రికి పోయినాను. దారిలో ఇడ్లీ కట్టించుకొని పోయినాను. ఒక ముక్క తుంచి, చట్నీలో అద్ది, ఆమె నోటి కాడ పెట్టినాను. ఆమె మొహం పక్కకు తిప్పుకునింది. నా చెయ్యి చూసింది, నా చీర చూసింది.

"నీళ్లు పోసుకున్నావా?" అనింది.

లేదన్నాను.

"పోసుకోకుండానే అన్నం ముట్టుకుంటావా. ఎన్నిసార్లు చెప్పాల నీకు" అనింది. పక్క మంచాల వాళ్లంతా చూస్తా ఉండగా నేను ఇడ్లీ పొట్లం ఒళ్లో పెట్టుకొని ఏడ్చినాను. ఆ మాటకు మండిపడినదాన్ని ఇన్నేండ్లు. ఆ దినం ఆస్పత్రి కొళాయి కాడికి పోయి మోచేతుల దాకా రెండు సార్లు కడుక్కొని వచ్చినాను. అప్పుడు తినింది.

ఇంటికొచ్చినాక నిలబెట్టి అడిగినాను, ఎందుకట్లా చేసినారు అని. ఆమె తల ఎత్తలేదు. "మా అత్త మూడేండ్లు మంచాన పడింది. అంతా నేనే ఎత్తి పోసినా. అప్పుడే అనుకున్నా, నా కోడలి చేతికి నాది తగలకూడదని. అన్నం పెట్టే చెయ్యి కదా" అనింది. నాకు కోపమొచ్చింది. "ఊరందరిదీ పట్టుకునే చెయ్యి అత్తా ఇది. మీది పట్టుకుంటే అరిగిపోతుందా? ఇంకో రెండు దినాలైతే మిమ్మల్ని పంపించేసి ఉందును" అన్నాను. ఆ హోం సంగతి అప్పుడే చెప్పినాను. ఆమె విని, "స్టవ్వు అట్లా వదిలేస్తే ఎవరైనా పంపిస్తారు లే" అనింది, అంతే. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

ఆ సాయంకాలం దీపం పెట్టినాను. గ్లాసు నిండా నీళ్లు పోసి ఆమె ముందర పెట్టినాను. ఈ సారి బతిమాలలేదు, ఊరికే పెట్టి నిలబడినాను. ఆమె గ్లాసు చూసింది.

"తాగితే లేయాల. నేను లేస్తే నువ్వూ లేయాల" అనింది.

"లేస్తాను."

ఆమె గ్లాసు చేతికి తీసుకునింది. నోటి కాడికి పోనిచ్చి ఆగింది.

"నువ్వు తాగినావా?" అనింది.

నేను తాగలేదు. ఆ దినం కాదు, ఏ దినమూ తాగలేదు. కాపురానికొచ్చిన మొదటి సాయంకాలం ఆమె నా చెయ్యి పట్టుకొని చెంబు దింపించినప్పటి నుంచి, కడుపుతో, బాలింతగా ఉన్నప్పుడు తప్ప, దీపం పెట్టినాక నేను గొంతు తడుపుకున్నది లేదు. అన్నేండ్లుగా ఊరందరికీ నీళ్లు తాగమని చెప్పినాను. నా సంగతి ఎవరూ అడగలేదు. ఆమె అడిగింది.

ఇంకో గ్లాసు తెచ్చుకొని ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటా, మందు మింగినట్టు తాగినాము. ఆ తరవాత నాలుగేండ్లు ఉండాది ఆమె. ప్రతి సాయంకాలం దీపం, రెండు గ్లాసులు. పరీక్షకు ఇయ్యాల్సొస్తే డబ్బా ఆమే నా చేతికిచ్చేది. పేపరు చుట్టి దారం కట్టడం మాత్రం మానలేదు.

ఆమె పోయి రెండేండ్లవుతుంది. ల్యాబు కూడా మూసేసినారు, ఇప్పుడు నేను ఇంట్లోనే ఉంటాను. సాయంకాలం దీపం పెట్టినాక నా చెయ్యి దానంతటదే రెండు గ్లాసులు నింపుతుంది. ఒకటి నాది. రెండోది పారబోసేదానికి మనసు రాదు. అదీ నేనే తాగుతాను.